తైదలు, నువ్వులు, ముల్లంగి ఆకు: ఎముకకు అందేదెంత?

శ్రోతలకు నమస్కారం.

ఎముకల బలం అనగానే పాలే గుర్తొస్తాయి. మన ఓరుగల్లు ఇళ్లల్లోని తైదల (రాగుల) డబ్బా, బతుకమ్మ సద్దులకు తెచ్చిన నువ్వులు కూడా ఆ పనికొచ్చేవే. కాకపోతే గింజలో ఉన్న కాల్షియం వేరు, ఒంటికి పట్టేది వేరు.

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ముట్లుడిగిన ఆడవాళ్లకైతే 1200. వంద గ్రాముల తైదల్లో సుమారు 350 ఉంటుంది, తెల్ల బియ్యంలో 10కి అటూఇటూ. అయితే తైదల్లోని ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టుకుని వదలదు. మొలకెత్తిస్తే గింజలోని ఎంజైమే ఆ పట్టు సడలిస్తుంది.

కిలో తైదలు గాలించి, కడిగి, రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, నూలుబట్టలో మూట గట్టి, ఆరేడు గంటలకోసారి తడి చల్లుతూ ఒకటి ఒకటిన్నర రోజు ఉంచాలి. తెల్లటి మొలక గింజంత వస్తే చాలు. ఎండకాలం ఇంకా ముందే వస్తుంది, మరిచిపోతే జిగురు, పులిసిన వాసన. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. సరిగా ఎండక బూజొస్తుంది, బూజు పట్టినవి వేయించినా పనికిరావు. బాగా ఎండాక నలిపి, మొలకలు చెరిగి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి గిర్నీలో పట్టించండి. మాడితే చేదే. జావకు పిండిని ముందు చల్లనీళ్లలో కలిపి, ఆ తర్వాతే మరిగే నీళ్లలో పోయాలి. లేకుంటే ఉండలు కడుతుంది.

పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకు 1200 దాకా ఉంటుంది. మెరిసే తెల్లనువ్వుల్లో పొట్టుతోపాటే చాలావరకు పోతుంది. నమలకుండా మింగిన గింజ వచ్చినట్టే పోతుంది గనుక దోరగా వేయించి పొడి కొట్టండి. రోజుకో పెద్ద చెంచా కూరలో చల్లుకోండి. వారానికి సరిపడానే కొట్టుకోవాలి, నిల్వుంటే నూనె ముక్కుతుంది.

ఆకుకూరల్లో పాలకూరను ఎముకల కోసమని తినకండి. కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్జలేట్ అనే పదార్థం వల్ల అందులోని కాల్షియంలో ఇరవయ్యో వంతే ఒంటికి పడుతుంది. ముల్లంగి ఆకులో ఆ ఇబ్బంది తక్కువ. మనమేమో దాన్ని అంగట్లోనే తుంచి పారేసి వస్తాం! పెసరపప్పుతో వండి చూడండి.

పచ్చళ్ల ఉప్పు ఎక్కువైతే కాల్షియం మూత్రంలో పోతుంది. ఇక కాల్షియం ఒంటికి పట్టాలంటే కావాల్సిన విటమిన్ డి ఆకుల్లో, గింజల్లో దాదాపు ఉండదు. పుట్టగొడుగులను ముక్కలు కోసి మధ్యాహ్నపు ఎండలో అరగంట ఉంచితే అందులో తయారవుతుంది. కిటికీ అద్దం వెనుక పెడితే మాత్రం కాదు.

కిడ్నీలో రాళ్లున్నవాళ్లు నువ్వుల పొడికి ముందు డాక్టరును అడగండి. థైరాయిడ్ మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య నాలుగు గంటలు ఎడముంచండి.