మూత తీస్తే నడిచే బండి

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచిన కుర్రాళ్ళు ఫోన్లో "సార్, వింటేజ్ బైకు బాగు చేసుకోవడం గురించి మాట్లాడాలి" అన్నారు. ఆ మాటకి ముందుగా చిన్న సవరణ. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధన ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన బండినే వింటేజ్ అంటారు. అలాంటి బండికి నెంబరు ప్లేటు మీద వీఏ అనే అక్షరాలు కూడా ఇస్తారు. నా బుల్లెట్ 1984ది. 2034 దాకా అది వింటేజ్ కాదు, ఉత్త ముసలి బండి. కాబట్టి ముసలి బండితో నేను పడ్డ పాట్లు చెబుతాను.

నేను మెకానిక్‌ని కాను. బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాను. ఈ బండి మా మేనమామది. పొగాకు కొనుగోళ్ళ మీద టంగుటూరు, కొండపి, కందుకూరు అంతా దీని మీదే తిరిగాడు. ఆయన పోయాక కొత్తపట్నంలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏడేళ్ళు నిలబడిపోయింది. సముద్రపు గాలి ఇనుముని ఏం చేస్తుందో కొత్తపట్నం వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అత్తయ్య, "నువ్వయితే తుక్కుకి అమ్మవులేరా, తీసుకుపో" అంది. ట్రాలీ ఆటోలో ఎక్కించి ఒంగోలు తెచ్చాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీస్తే అందులో ఎలుక గూడు. గడ్డి, చింపిన దూది, సగం కొరికిన బియ్యం చీటీ. మామయ్య పేరున్న చీటీ. కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఇక మొదటి ఆదివారం నేను చేసిన ఘనకార్యం వినండి. ప్లగ్ మార్చాను. కరెంటుని తెంపి ప్లగ్ దగ్గర స్పార్క్ పుట్టించే స్విచ్చులాంటి ప్లాటినం పాయింట్లు మార్చాను. ఆ పాయింట్ల దగ్గర మెరుపుని అణిచే కండెన్సర్ మార్చాను. గాలీ పెట్రోలూ కలిపే కార్బరేటర్ విప్పి, పెట్రోలు వచ్చే సన్న కన్నాల జెట్లన్నీ కడిగాను. ఎయిర్ స్క్రూ విప్పే ముందు అది ఎన్ని చుట్లు తిరిగి ఉందో లెక్క పెట్టుకోలేదు. వాల్వుల సందు సరిచేసే టాపెట్లు కూడా కదిలించాను, ఎందుకో నాకే తెలియదు, స్పానరు చేతిలో ఉంది కాబట్టి. సాయంత్రానికి బండి స్టార్టయింది. వాడకట్టు పిల్లలు చప్పట్లు కొట్టారు. రోడ్డెక్కితే రెండో గేరులోనే మిస్ కొట్టడం మొదలు. డబ్ డబ్ డబ్, ఫట్.

ఇప్పుడు తప్పు ఎక్కడుంది? పాత తప్పే మిగిలిందా, నేను కొత్తది పెట్టానా? ఒక్క పూటలో అయిదు చోట్ల చెయ్యి పెట్టినవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? నెల రోజులు తల పట్టుకున్నాక తేలిందేమిటంటే, నేను కొత్తగా కొన్న కండెన్సరే చెడ్డది. పాతది చెత్తబుట్టలో పడేయలేదు కాబట్టి బతికిపోయాను. అది తిరిగి బిగించగానే మిస్సింగ్ పోయింది. కొత్త సామాను మంచిదే అయి ఉంటుందన్న నమ్మకం పాత బండి వాళ్ళకి పనికిరాదు.

అప్పటి నుంచి ఒక నలభై పేజీల నోటుబుక్కు పెట్టుకున్నాను. తేదీ, ఏం ముట్టుకున్నాను, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది. ఒకసారికి ఒక్కటే. క్యాషియర్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఇంజిన్‌కి కావలసినవి మూడే అని మీకందరికీ తెలుసు. కరెంటు రావాలి, పెట్రోలు దిగాలి, కంప్రెషన్ ఉండాలి, అంటే సిలిండర్లో గాలీ పెట్రోలూ గట్టిగా నొక్కుకోవాలి. కొత్తవాళ్ళు మొదట కార్బరేటర్ మీద పడతారు, అది కంటికి కనబడేది కాబట్టి. పాత మెకానిక్‌లు మాత్రం మొదట ప్లగ్ స్పానరు తీస్తారు. "కార్బరేటర్ రోగం అనుకునేది చాలావరకు కరెంటు రోగమే" అని వాళ్ళలో ఒక మాట ఉంది. నా అనుభవమూ అదే. అందుకే కరెంటు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, మిగతా రెండిటికీ తక్కువ సమయం ఇస్తే ఏమీ అనుకోవద్దు.

ప్లగ్ విప్పండి. విప్పింది వెంటనే తుడిచేయకండి, ముందు చూడండి. కాసేపు రోడ్డు మీద నడిపి, అక్కడే ఇంజిన్ ఆపేసి, చల్లారాక విప్పితే నిజం చెబుతుంది. ఇంటి ముందు స్లోలో పెట్టి చూస్తే అన్ని ప్లగ్గులూ నల్లగానే ఉంటాయి. పాలు ఎక్కువ పోసిన టీ రంగులో ఉంటే ఇంజిన్ సుఖంగా ఉన్నట్టు. పెనం అడుగు మసిలాగా పొడిపొడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా గాలి సరిగ్గా అందట్లేదు. నల్లగా ఉండి జిడ్డుగా తడిగా ఉంటే పైకి ఆయిల్ వస్తోంది, అది రింగుల పని కావచ్చు, వాల్వు గైడు పని కావచ్చు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మాత్రం బండి తీయకండి. పెట్రోలు తక్కువై ఇంజిన్ కాలిపోతోందని అర్థం.

తర్వాత ప్లగ్‌ని క్యాపుకి తగిలించి, దాని ఒంటిని సిలిండర్ రెక్కలకి ఆనించి, తాళం ఆన్ చేసి కిక్ కొట్టండి. ప్లగ్ కన్నానికి దూరంగా పెట్టాలి సుమా, అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. లావుగా, నీలంగా, టక్ టక్ మని చప్పుడుతో దూకితే మంచి కరెంటు. సన్నగా, పసుప్పచ్చగా వస్తే వెనక ఏదో బలహీనంగా ఉంది. అసలు రాకపోతే ఒక రకంగా అదృష్టం. పూర్తిగా చచ్చిన తప్పు త్వరగా దొరుకుతుంది. వచ్చీ రాని తప్పే ప్రాణం తీస్తుంది.

బుల్లెట్‌లో కరెంటు వెతకడానికి కంపెనీ వాళ్ళే ఒక పరికరం ఇచ్చారు. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. హెడ్‌లైట్ మీద ఉండే ఆంపియర్ మీటరు. తాళం ఆన్ చేసి కిక్కర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఆ ముల్లు చూడండి. పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు ఒరుగుతుంది, తెరుచుకోగానే మధ్యకి వస్తుంది. ముల్లు అసలు కదలట్లేదంటే బ్యాటరీకీ పాయింట్లకీ మధ్య ఎక్కడో తెగింది, లేదా పాయింట్లే మురికిపట్టి అంటుకోవట్లేదు. ఒరిగింది ఒరిగినట్టే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవట్లేదు.

పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. సందు కొలిచే రేకుల ఫీలర్ గేజ్ ఖరీదు పెద్దదేం కాదు, కొనుక్కోండి, బ్లేడుతోనో పోస్టు కార్డుతోనో చూసే రోజులు పోయాయి. పాయింటుకి క్యామ్ మీద రాసుకునే ఫైబర్ మడమ ఒకటి ఉంటుంది. అది అరిగేకొద్దీ సందు తగ్గుతుంది. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్క్ ఆలస్యంగా పడుతుంది, బండి బరువెక్కినట్టు పోతుంది. "పికప్ లేదు" అని మనం కార్బరేటర్ విప్పుతాం.

కండెన్సర్ సంగతి తెలుసుకోవాలంటే చీకటి పడ్డాక పాయింట్ల మూత తీసి చూడండి. ఇంజిన్ నడుస్తుంటే పాయింట్ల మధ్య చిన్న మెరుపు ఉంటే పర్వాలేదు. వెల్డింగ్ షాపులాగా వెలుగుతోందంటే కండెన్సర్ పోయింది. ప్లగ్ దగ్గర దూకాల్సిన బలం పాయింట్ల దగ్గరే దూకేస్తోంది. ఇంకో గుర్తు, చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక మిస్ కొట్టడం.

ఎర్త్ గురించి, అంటే కరెంటు బండి ఇనుములోంచి బ్యాటరీకి తిరిగి చేరే దారి గురించి కూడా ఒక మాట. బండికి రంగు వేయించాను. ఎర్రటి మెరూన్, బంగారు గీతలతో. రంగు ఆరాక అన్నీ బిగించారు. ఆ రోజు నుంచి లైటు గుడ్డిగా వెలగడం మొదలు. ఎర్త్ వైరు బోల్టు కింద కొత్త రంగు ఉంది. రంగులోంచి కరెంటు ఎలా పోతుంది? ఎమెరీ పేపరుతో అర్ధరూపాయి బిళ్ళంత చోటు ఇనుము కనబడేలా గీకితే లైటు వెలిగింది. అంత ఖరీదు పెట్టి వేయించిన రంగుని గీకడానికి చేతులు రాలేదు, అది వేరే సంగతి.

కంప్రెషన్‌కి బుల్లెట్ వాళ్ళకి గేజ్ అక్కర్లేదు. కిక్కర్ మీద నిలబడండి. ఇంజిన్ మిమ్మల్ని ఒకటి రెండు క్షణాలు మోయాలి. మెత్తటి పరుపులోకి దిగినట్టు దిగిపోతే వాల్వులో రింగులో చూడాలి. అంతకు ముందు టాపెట్లు చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి, పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకుని ఉండాలి. పుష్‌రాడ్ వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం స్టార్టు కాని బండికి ఒక్కోసారి టాపెట్ బిగుతే కారణం.

ఇక పెట్రోలు. ఏడేళ్ళు నిలవున్న పెట్రోలు వార్నిష్ అయిపోతుంది, జెట్టు కన్నం ఆవగింజలో సగం కూడా ఉండదు, పూడిపోతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. పైపులు మార్చండి, నెలల తరబడి బండి తీయకపోతే ట్యాంకు ఖాళీ చేయండి. ఇంతవరకు అందరూ చెప్పేదే. నా కథ అసలు ఇక్కడే ఉంది.

కండెన్సర్ గొడవ తీరి, ఎర్త్ గొడవ తీరి, బండి ఊళ్ళో గుర్రంలాగా నడుస్తోంది. మా చెల్లెలు సింగరాయకొండలో ఉంటుంది. ఒక ఆదివారం బంకులో ట్యాంకు నిండా కొట్టించి హైవే ఎక్కాను. వల్లూరు చేరక ముందే బండి దగ్గింది, లాగలేక ఆగిపోయింది. కిక్ కొడితే పలకలేదు. పెట్రోలు అయిపోయిందేమో అనే పిచ్చి అనుమానంతో మూత తీసి చూశాను. నిండుగా ఉంది. మూత పెట్టి కిక్ కొట్టాను. స్టార్టయింది! మళ్ళీ కొంత దూరానికి ఇదే తంతు. ఆపడం, మూత తీసి చూడడం, కిక్, స్టార్టు.

ఆ మరుసటి ఆదివారం కూడా దాదాపు అదే చోట ఆగింది. మా ఆవిడ, "వల్లూరమ్మ తల్లి ముందు నుంచి దండం పెట్టకుండా పోతున్నారు, అందుకే" అంది. కొబ్బరికాయ కొట్టాను. కొట్టి వచ్చి, ఎందుకైనా మంచిదని పెట్రోలు ఉందో లేదో చూసి, కిక్ కొట్టాను. వెంటనే స్టార్టయింది. నేను నవ్వలేదు అప్పుడు. ఇంకోసారి ట్యాంకు అడుగున రెండు లీటర్లతోనే బయల్దేరితే సింగరాయకొండ దాకా ఆగకుండా పోయింది. అమ్మవారు కరుణించిందనుకున్నాను.

నోటుబుక్కులో ఇవన్నీ రాశాను. పెట్రోలు దిగుతోందో లేదో పరీక్ష కూడా చేశాను. కార్బరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పట్టాను. ధార బ్రహ్మాండంగా వచ్చింది. కానీ పరీక్ష చేసేటప్పుడు ట్యాంకు మూత తీసి పక్కన పెట్టానన్న సంగతి రాయలేదు. అది రాయదగ్గ విషయం అనుకోలేదు.

చివరికి ఒంగోల్లో వేపచెట్టు కింద పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బండి వైపు చూడకుండా నన్ను అడిగాడు.

"ఈ ఆగడం ఎప్పట్నుంచి సార్?"

"మూడు వారాలు."

"దానికి ముందు ఏం మార్చినారు?"

"ఏమీ మార్చలేదు."

"రంగేసినారుగా."

"రంగుకీ ఆగడానికీ ఏంటి సంబంధం?"

ఆయన మాట్లాడకుండా నన్ను వెనక కూర్చోబెట్టుకుని హైవే ఎక్కాడు. బండి దగ్గగానే పక్కకి ఆపి, చెవి ట్యాంకుకి ఆనించి మూత తిప్పాడు. సుయ్‌మని శబ్దం. ప్రెషర్ కుక్కరు తిరగబడ్డట్టు, గాలి బయటికి కాదు, లోపలికి పోతోంది. మూత తిరగేసి నా చేతిలో పెట్టాడు. అడుగున గుండ్రంగా కత్తిరించిన సైకిల్ ట్యూబు ముక్క. నేను పెట్టిందే. బ్రేకు వేస్తే పెట్రోలు చింది కొత్త రంగు మీద పడుతోందని, కత్తెర తీసుకుని నా చేతులతో కోసి పెట్టాను.

మూతకి సూది మొనంత గాలి కన్నం ఉంటుంది. పెట్రోలు ఎంత దిగితే అంత గాలి ఆ కన్నంలోంచి లోపలికి రావాలి. రబ్బరు ముక్క దాన్ని దాదాపు మూసేసింది. ఊళ్ళో నెమ్మదిగా పోయినంతసేపు సందుల్లోంచి వచ్చే కాస్త గాలి సరిపోయేది. హైవే మీద పెట్రోలు ఎక్కువ తాగుతుంటే సరిపోయేది కాదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పైన గాలికి చోటే తక్కువ, కాబట్టి త్వరగా బిగుసుకునేది. అడుగున రెండు లీటర్లే ఉంటే లోపల బోలెడు గాలి, అందుకే సింగరాయకొండ దాకా పోయింది. ప్రతిసారీ నేను పెట్రోలు ఉందా అని చూడడమే మందు. అన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి, ఒక్కటి తప్ప.

పెద్దాయన ఆ రబ్బరు ముక్క మధ్యలో సూదితో ఒక కన్నం పెట్టి, మళ్ళీ బిగించి, "ఇరవై రూపాయలియ్యండి, టీ తాగుతా" అన్నాడు.

బండి కింద మెట్ల దగ్గర పెట్టి వచ్చాను. మీలో ప్లగ్ విప్పి చూడాలనుకునేవాళ్ళు రండి, ఇంజిన్ ఇప్పటికి చల్లారి ఉంటుంది. స్పానరు నా దగ్గరుంది. కిక్ కొట్టేవాళ్ళు ముందు కంప్రెషన్ వదిలి కిక్కుని తేలిక చేసే డీకంప్రెసర్ లీవరు ఎక్కడుందో చూసుకోండి, స్పార్క్ టైమింగ్ కాస్త ముందుంటే కిక్కర్ ఎదురు తంతుంది, పోయిన నెల మా అల్లుడి మడమ వాచింది.