ఆఫర్ వచ్చింది, వెంటనే చెప్పమంటున్నారు: అమెరికా అడ్మిషన్లపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. అమెరికా యూనివర్సిటీల్లో ఎం.ఎస్., పీహెచ్.డి. అడ్మిషన్ల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. మీ సందేహాలు తీర్చడానికి అడ్మిషన్ల సలహాదారు మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. బయాలజీలో పీహెచ్.డి.కి అప్లై చేశాను. ఒక యూనివర్సిటీ నుంచి ఫండింగ్‌తో ఆఫర్ వచ్చింది. మార్చి 10లోగా ఏ సంగతో చెప్పమంటున్నారు. నాకు బాగా ఇష్టమైన ఇంకో యూనివర్సిటీ నుంచి ఇంకా కబురు లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఉన్నది వదులుకుంటానేమో అని భయం.

సలహాదారు: ముందుగా అభినందనలు తల్లీ. ఫండింగ్ వివరాలు ఆఫర్ లెటర్‌లోనే ఉన్నాయా, ఎవరైనా మాటగా చెప్పారా?

కాలర్: లెటర్‌లోనే ఉన్నాయి మేడమ్. ట్యూషన్ మాఫీ, క్లాసుల్లో సాయం చేసే టీచింగ్ అసిస్టెంట్‌షిప్, ఖర్చులకి స్టైపెండ్. మార్చి 10 అన్నది మాత్రం ఒక ప్రొఫెసర్ ఈమెయిల్‌లో రాశారు.

సలహాదారు: అయితే ఇది విను. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అని అక్కడ ఒక సంస్థ ఉంది. 'ఏప్రిల్ 15 తీర్మానం' వాళ్లదే. దాని ప్రకారం, ఫెలోషిప్ గానీ అసిస్టెంట్‌షిప్ గానీ ఇస్తామని ఆఫర్ అందుకున్న విద్యార్థి ఏప్రిల్ 15 కన్నా ముందే జవాబు చెప్పాల్సిన పని లేదు. దాని మీద సంతకం చేసిన యూనివర్సిటీల జాబితా ఆ సంస్థ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. నీ యూనివర్సిటీ పేరు అందులో ఉందేమో ఈరోజే చూడు.

కాలర్: ఉంటే ఆ ప్రొఫెసర్‌కి నేనెలా చెప్పాలి మేడమ్? కోపం వస్తుందేమో...

సలహాదారు: ఆయనతో వాదం వద్దు. డిపార్ట్‌మెంట్‌లో గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్ డైరెక్టర్ ఉంటారు, ఆవిడకో ఆయనకో రాయి. 'మీ ఆఫర్ నాకు ఎంతో సంతోషం కలిగించింది. తీర్మానం ప్రకారం ఏప్రిల్ 15 వరకు ఆలోచించుకోవచ్చా, నిర్ధారించగలరు' అని మర్యాదగా అడిగితే చాలు. చాలాసార్లు ఆ తొందర ఒక ప్రొఫెసర్‌ది, యూనివర్సిటీది కాదు. అదే రోజు రెండో యూనివర్సిటీకి కూడా రాయి. నీ చేతిలో ఇంకో ఆఫర్ ఉందని, వాళ్లదే నీ మొదటి ఇష్టమని, నీ అప్లికేషన్ ఏ దశలో ఉందో చెప్పమని అడుగు. ఇలా అడగడం తప్పనుకుని పిల్లలు ఊరుకుంటారు, నాకు అదే బాధ. అక్కడివాళ్లకి ఇలాంటి మెయిల్స్ మామూలే.

కాలర్: సరే మేడమ్.

సలహాదారు: ఈలోగా ఆ లెటర్ మళ్లీ చదువు. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? వేసవిలో డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఎన్నేళ్లకి హామీ? హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? ట్యూషన్ మాఫీ అన్నా విడిగా ఫీజులు మిగులుతాయి, అవెంత? తొమ్మిది నెలల స్టైపెండ్‌ని పన్నెండు నెలలకి సర్దుకోవాల్సిన సంగతి అక్కడికి వెళ్లాక తెలిసిందంటే చాలా కష్టం. ఆ ల్యాబ్‌లో ఇప్పుడు చదువుతున్నవాళ్లతో కూడా మాట్లాడు. ఇంకొకటి, నువ్వు ఎటూ వెళ్లని చోట ఆఫర్ ఉంటే ఇప్పుడే వద్దని చెప్పేయ్. వెయిట్‌లిస్ట్‌లో నీలాగే ఒకరు నిద్ర లేకుండా ఎదురుచూస్తుంటారు.

యాంకర్: తర్వాతి కాల్. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండి. మా అబ్బాయికి ఎం.ఎస్. సీటు వచ్చింది, డిపాజిట్ కట్టమన్నారు. ఇప్పుడు చెప్పిన ఏప్రిల్ 15 మాకూ వర్తిస్తుందా?

సలహాదారు: సొంత డబ్బుతో చదివే సీటైతే వర్తించదండి. వాళ్లు చెప్పిన గడువే గడువు. డిపాజిట్ వెనక్కి ఇస్తారో లేదో ముందు కనుక్కోండి. గడువు కొన్నాళ్లు పెంచమని అడగొచ్చు, కొన్నిచోట్ల పెంచుతారు. అబ్బాయి పక్కనే ఉన్నాడా?

కాలర్: ఉన్నాడండి.

సలహాదారు: ఆ మెయిల్ అబ్బాయి చేతే రాయించండి. మీరు రాయవద్దు, కన్సల్టెన్సీ వాళ్లూ వద్దు. విద్యార్థి వివరాలు యూనివర్సిటీవాళ్లు తల్లిదండ్రులతో కూడా అంత తేలిగ్గా మాట్లాడరు. పైగా రేపు అక్కడ అన్నీ అతనే అడిగి తెలుసుకోవాలి కదండీ. ఐ-20 అని, విద్యార్థి వీసాకి కావాల్సిన పత్రం యూనివర్సిటీ ఇస్తుంది. దాని కోసం కనీసం మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు చూపించాలి. ఆ కాగితాలు మాత్రం మీరు ఇప్పటి నుంచే సిద్ధం చేయండి.

యాంకర్: ఇంకో కాలర్ ఉన్నారు. చెప్పు బాబూ.

కాలర్: మేడమ్, రికమండేషన్ లెటర్ అడిగితే మా సార్ 'నువ్వే రాసుకొచ్చేయ్, సంతకం పెడతా' అన్నారు. మిగతా ఇద్దరూ అదే మాట. మూడూ నేనే రాసేయాలా?

సలహాదారు: వద్దు బాబూ. ఇది చాలామంది చేసే పనే, అయినా వద్దు. మూడు లెటర్లూ ఒకే చేయి రాస్తే చదివేవాళ్లకి తెలిసిపోతుంది. అవే విశేషణాలు, అదే వాక్యం తీరు. అదీగాక, లెటర్ అప్‌లోడ్ చేసే లింక్ యూనివర్సిటీ నుంచి నేరుగా సార్ అఫీషియల్ ఈమెయిల్‌కే వెళ్తుంది, ఆయనే అప్‌లోడ్ చేయాలి. ఆయన పేరుతో జీమెయిల్ తెరిచి నువ్వే పంపడం మోసం. బయటపడితే సీటు రద్దు చేస్తారు.

కాలర్: మరి సార్‌కి టైమ్ లేదంటున్నారు మేడమ్.

సలహాదారు: టైమ్ లేక కాదు, నీ గురించి ఆయనకి అన్నీ గుర్తుండవు. అక్కడ సాయం చెయ్. ఒక పేజీలో రాసివ్వు. ఆయన దగ్గర ఏ సబ్జెక్ట్ చదివావు, ప్రాజెక్ట్‌లో నీ వంతు ఏమిటి, ఎక్కడ ఆగిపోయావు, ఎలా బయటపడ్డావు, ఇప్పుడు ఏం చదవాలనుకుంటున్నావు. కింద యూనివర్సిటీల పేర్లు, గడువు తేదీలు. పీహెచ్.డి. గడువులు చాలావరకు డిసెంబరులో పడతాయి కాబట్టి అక్టోబరులోనే అడగాలి. 'చాలా తెలివైన విద్యార్థి' అని పది లెటర్లలోనూ ఉంటుంది. 'సెన్సర్ రీడింగులు తప్పుగా వస్తుంటే మూల కారణం పట్టుకునేదాకా వదల్లేదు' అని ఒక్క వాక్యం ఉంటే కమిటీ అక్కడ ఆగుతుంది. ఆ వాక్యం నిన్ను చూసినవాళ్లే రాయగలరు. అందుకే పెద్ద హోదా ఉన్నా నీ పేరు గుర్తులేని వాళ్లకన్నా, నీతో పని చేయించిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మేలు.

కాలర్: ఫారంలో లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని అడుగుతోంది మేడమ్.

సలహాదారు: అది 1974 నాటి ఫెర్పా చట్టం, అంటే విద్యార్థుల రికార్డులపై అమెరికాలో ఉన్న చట్టం వల్ల వచ్చిన ప్రశ్న. నువ్వు అక్కడ చేరాక నీ ఫైల్‌లోని లెటర్ చూసే హక్కు నీకుంది. వదులుకుంటానని టిక్ పెట్టు. అప్పుడే సార్ మొహమాటం లేకుండా రాశారని కమిటీ నమ్ముతుంది.

యాంకర్: సమయం అయిపోతోంది, చివరి కాల్ తొందరగా. చెప్పమ్మా.

కాలర్: మేడమ్, అడ్మిషన్ కోసం జి.ఆర్.ఇ. పరీక్ష రాయాలా వద్దా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

సలహాదారు: ఎవర్నీ అడక్కు, డిపార్ట్‌మెంట్ పేజీ చూడు. ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ కావాలంటుంది, పక్కది ఐచ్ఛికం అంటుంది, ఇంకొకటి ఆ స్కోరు అసలు తీసుకోబోమంటుంది. తీసుకోబోమన్నచోట మంచి స్కోరున్నా ఉపయోగం లేదు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష రెండు గంటల లోపే, స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. నువ్వు అప్లై చేసే చోట్లలో ఎన్ని అడుగుతున్నాయో రాసుకో. ఒక్కటి కూడా అడగకపోతే ఆ సమయం స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌కి, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నావో రాసే వ్యాసానికి పెట్టు.

కాలర్: ఇవాళే చూస్తాను మేడమ్, థ్యాంక్యూ.