అలారం మోగాక మొదటి అరగంట

హోస్ట్: ఐదింటికి లేవాలి, వ్యాయామం చేయాలి, డైరీ రాయాలి... అన్నీ ఒకేసారి మొదలుపెట్టి వారం తిరక్కుండానే వదిలేస్తుంటారు. ఎక్కడ తేడా కొడుతోందండీ?

గెస్ట్: లేచే టైము దగ్గరే. ఐదింటికే లేవక్కర్లేదు. ఏడైనా మంచిదే, కాకపోతే సెలవు రోజు కూడా ఏడే. మహా అయితే గంట అటూ ఇటూ. ఆదివారం పదింటిదాకా పడుకుంటే ఆ రాత్రి తొందరగా నిద్ర పట్టదు, సోమవారం ఒళ్లు బరువుగా ఉంటుంది.

హోస్ట్: మరి లేచాక ఉండే ఆ మత్తు?

గెస్ట్: అది అందరికీ ఉండేదే, స్లీప్ ఇనర్షియా అంటారు. మామూలుగా 15 నుంచి 30 నిమిషాలు, గాఢ నిద్రలోంచి లేస్తే ఇంకాస్త ఎక్కువ. ఆ కాసేపట్లో బుర్రకు పని చెప్పొద్దు, ఒంటికి చెప్పండి. ఒక గ్లాసు నీళ్లు తాగి, ఆరుబయటికి నడవండి.

హోస్ట్: లైటు వేసుకుంటే చాలదా?

గెస్ట్: చాలదండీ. ఇంట్లో లైటు వెలుతురు సాధారణంగా 100 నుంచి 500 లక్స్, అంటే వెలుతురును కొలిచే లెక్కలో. బయట మబ్బు పట్టినా వేలల్లో ఉంటుంది. కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు. కంటి లోపలి పొర రెటీనాలో, వెలుతురును పసిగట్టే మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న కణాలకు మాత్రం తెలుస్తుంది. తెల్లారిందని మెదడులోని గడియారానికి కబురు పంపేవి అవే. ఎండ ఉంటే 10 నిమిషాలు, మబ్బుగా ఉంటే 20, 30. సూర్యుడి వంక మాత్రం నేరుగా చూడకూడదు. చీకటితోనే లేచేవాళ్లు అప్పటికి లైట్లన్నీ వేసుకుని, పొద్దు పొడిచాక బయటికి రావాలి.

హోస్ట్: కాఫీ?

గెస్ట్: పొద్దున తాగండి. చిక్కంతా మధ్యాహ్నం కాఫీతోనే. కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. మూడింటికి తాగిన దాంట్లో సగం రాత్రి ఎనిమిదికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

హోస్ట్: ఇవన్నీ నాలుగు రోజులు చేసి ఐదో రోజు మర్చిపోతే?

గెస్ట్: ‘పొద్దున్నే నడుస్తాను’ అనుకుంటే మర్చిపోతాం. ‘పళ్లు తోముకోగానే చెప్పులేసుకుని గడప దాటతాను’ అనుకోండి. రోజూ ఎలాగూ చేసే పనికి కొత్తదాన్ని ముడేయాలి, అదీ ఒక్కదాన్నే. 21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందితో చేసిన, 2009లో వెలువడిన అధ్యయనంలో సగటున 66 రోజులు తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. ఇది చాలామంది వినాల్సిన మాట, ఒక్క రోజు తప్పగానే మొత్తం వదిలేస్తారు కాబట్టి.

హోస్ట్: ఏకాగ్రత సంగతి?

గెస్ట్: ఫోను పక్క గదిలో ఛార్జింగ్ పెట్టండి, అలారానికి విడిగా గడియారం. పొద్దున మొదటి పని ఏదో రాత్రే కాగితం మీద రాసుకోండి. ‘రిపోర్టు’ అని కాదు, ‘రిపోర్టు రెండో పేజీలో పట్టిక నింపాలి’ అని. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కునే పని ఉండదు.

హోస్ట్: ఇంత చేసినా నీరసం తగ్గకపోతే?

గెస్ట్: ముందు నిద్ర లెక్క చూడండి. పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి. అంత నిద్రపోయినా వారాల తరబడి అలసట ఉన్నా, గట్టిగా గురక వస్తున్నా డాక్టరుకు చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా పొద్దుటి నడకతో పోయేవి కావు.