మెదడు క్వాంటమ్ కంప్యూటరా? లెక్క ఎక్కడ తేడా కొడుతోంది

"స్పృహ క్వాంటమ్ వల్లే పుడుతుంది" అనే వీడియోలు చూసే ఉంటారు. ఆ మాటకి మూలం ఆర్క్ ఓఆర్ సిద్ధాంతం. 1990ల్లో ఇద్దరు కలిసి తెచ్చారు: ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త రోజర్ పెన్‌రోజ్, అరిజోనాలో మత్తు డాక్టర్ స్టువర్ట్ హామెరాఫ్. పెన్‌రోజ్‌కి 2020లో నోబెల్ వచ్చింది బ్లాక్ హోల్స్ పనికి, దీనికి కాదు. థంబ్‌నెయిల్స్‌లో ఆ ముక్క మాత్రం రాయరు.

ఇదంతా జరిగేది న్యూరాన్ (మెదడు కణం) లోపలి మైక్రోట్యూబ్యూల్‌లో అంటారు. సన్నటి బోలు గొట్టం, వ్యాసం 25 నానోమీటర్లు. ట్యూబులిన్ అనే ప్రోటీన్ జంటలు, ఒక్కోటి 8 నానోమీటర్లు, ఒకదాని మీద ఒకటి పేరుకుని పోగులవుతాయి. అలాంటి 13 పోగులు చుట్టూ నిలబడితే గోడ తయారు. క్వాంటమ్ పద్ధతిలో ట్యూబులిన్ ఒకేసారి రెండు స్థితుల్లో ఉండి, గురుత్వం వల్ల తనంతట తానే ఒక స్థితికి పడిపోయినప్పుడు స్పృహలో ఒక క్షణం పుడుతుందని వాదన. అందుకు మొదట్లో చెప్పిన సమయం 25 మిల్లీసెకన్లు. మెదడులోని 40 హెర్ట్జ్ (సెకనుకి 40 సార్లు) తరంగాలకి సరిగ్గా సరిపోయే లెక్క.

చిక్కల్లా ఆ రెండు స్థితులు అంతసేపు నిలబడడమే. 37 డిగ్రీల వేడిలో నీళ్లు, అయాన్లు వచ్చి గుద్దుతూనే ఉంటాయి. 2000లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్ టెగ్‌మార్క్ లెక్క కడితే, సెకనుని పది లక్షల కోట్ల ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్కసేపే నిలుస్తుందని తేలింది. స్థితుల మధ్య దూరం మరీ ఎక్కువ వేశావని 2002లో హామెరాఫ్ వర్గం ఎదురు లెక్క ఇచ్చింది. దాంట్లో కూడా మహా అయితే 0.1 మిల్లీసెకను, కావాల్సిన దానికి 250 రెట్లు తక్కువ. చుట్టూ క్రమంగా పేరుకున్న నీటి పొర కాపాడుతుందంటూ మిగతాది పూడ్చారు. నాకు అది అతుకు వేసినట్టే ఉంది.

2024లో అమెరికాలోని వెల్స్‌లీ కాలేజీలో ఎలుకలకి ఎపోథిలోన్-బి ఇచ్చారు. మైక్రోట్యూబ్యూల్స్‌ని గట్టిపరిచే మందు అది. తర్వాత ఐసోఫ్లురేన్ అనే మత్తు వాయువు పట్టిస్తే, వెల్లకిలా పడేస్తే బోర్లా తిరిగే రిఫ్లెక్స్ పోవడానికి సగటున 69 సెకన్లు ఎక్కువ పట్టింది. మత్తుకి మైక్రోట్యూబ్యూల్‌తో సంబంధం ఉందనడానికి ఇది సాక్ష్యమే. క్వాంటమ్‌కి కాదు. న్యూరాన్‌లో సరుకు రవాణా కూడా ఆ గొట్టాల మీదే కదా, తేడా అక్కణ్ణుంచీ రావచ్చు.

నాకు ఇంతకన్నా పదునైనదిగా అనిపించేది 2018 నాటి జెనాన్ ప్రయోగం. జెనాన్ కూడా మత్తు వాయువే. దాని 129, 132 ఐసోటోపుల (బరువు మాత్రమే వేరైన రకాల) రసాయనం ఒకటే, కానీ 129 న్యూక్లియస్‌కి స్పిన్ అనే క్వాంటమ్ లక్షణం ఉంది, 132కి లేదు. చిట్టెలుకల్లో స్పిన్ ఉన్నదాని మత్తు బలం తగ్గింది. కాకపోతే అది ఏ ప్రోటీన్ దగ్గర జరిగిందో ఆ ప్రయోగం చెప్పదు. ఎపోథిలోన్ ఇచ్చిన జంతువులకి ఒకసారి 129, ఒకసారి 132 పట్టించి, ఆ తేడా మారుతుందేమో చూడాలి. మారితే అప్పుడు మైక్రోట్యూబ్యూల్ పేరు ఎత్తొచ్చు.