ఒఫీలియా ఏట్లో లేదు, తొట్టెలో ఉంది

"పాపం, ఆ అమ్మాయిని చలిలో ఏట్లో పడుకోబెట్టి బొమ్మ వేశాడట!" ఆంగ్ల చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే వేసిన 'ఒఫీలియా' (షేక్‌స్పియర్ 'హామ్లెట్' నాటకంలో ఏట్లో మునిగిపోయే అమ్మాయి బొమ్మ) మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఇలా నిట్టూరుస్తారు. వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నాను.

పాత ఫోటో స్టూడియోలు గుర్తున్నాయా? వెనక తాజ్‌మహల్ తెర, ముందు స్టూలు మీద మనం. తెర ముందే సిద్ధం, మనిషి తర్వాత వస్తాడు. ఈ బొమ్మా అంతే. కాకపోతే మిలే ఆ తెర వేయడానికి దాదాపు అయిదు నెలలు తీసుకున్నాడు!

1851 వేసవి. మిలేకు 22 ఏళ్లు. ఇంగ్లండ్‌లోని సర్రేలో యూవెల్ దగ్గర, హాగ్స్‌మిల్ ఏటి గట్టున కూర్చుని ప్రతి ఆకూ, ప్రతి రెల్లూ చూసి మరీ వేశాడు. ఈగలు కుట్టాయి. పొలంలో గడ్డి తొక్కి పాడు చేస్తున్నాడని కేసు పెడతామని బెదిరించారు. అన్నీ ఓర్చుకున్నాడు. తెరలో మనిషికి మాత్రం చోటు వదిలేశాడు.

ఇక తొట్టె సంగతి. లండన్, గవర్ స్ట్రీట్‌లోని ఇల్లు. 4 పౌండ్లకు కొన్న పాత జరీ గౌను తొడుక్కుని బొమ్మకు మోడల్‌ ఎలిజబెత్ సిడ్డల్ నీళ్లతొట్టెలో పడుకుంది. నీళ్లు చల్లారకుండా తొట్టె కింద దీపాలు పెట్టారు. ఒకనాడు అవి ఆరిపోయాయి. ఆమె నోరు విప్పలేదు, ఆయన తలెత్తి చూడలేదు. జబ్బు చేసింది. వైద్యానికి 50 పౌండ్లు కట్టాలని ఆమె తండ్రి ఉత్తరం రాశాడు. చివరికి అంతకంటే తక్కువకే తెగింది లెండి. గడ్డిపోచను కూడా వదలని కళ్లకు వణుకుతున్న మనిషి కనబడలేదు. నా కోపమంతా అక్కడే.

మళ్లీ మన తెర దగ్గరకు వద్దాం. నెలల తరబడి వేసిన తెర కదా, వేర్వేరు కాలాల్లో పూసే పూలు అందులో పక్కపక్కనే పూశాయి. ఈ బొమ్మ ఉన్న లండన్ మ్యూజియం టేట్ బ్రిటన్‌కు వెళ్తే ముఖం కంటే ముందు గట్టు చూడండి.

సమయం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. మిలేకు 11 ఏళ్లకే లండన్‌లోని రాయల్ అకాడమీ చిత్రకళా బడి. 1848లో తోటి చిత్రకారులు హంట్, రోసెట్టీలతో కలిసి ప్రీ-రాఫెలైట్ అనే చిత్రకారుల బృందం. 1850లో ఆయన వేసిన బాల ఏసు బొమ్మ మీద నవలాకారుడు డికెన్స్ విరుచుకుపడ్డాడు. 1855లో, విమర్శకుడు రస్కిన్‌తో పెళ్లి రద్దయిన ఎఫీ గ్రేతో వివాహం. 1896లో అకాడమీ అధ్యక్షుడు, ఆ ఏడే మరణం.

అన్నట్టు, మన ఇళ్లలోని పియర్స్ సబ్బు ప్రకటనకెక్కిన 'బబుల్స్' బొమ్మా ఆయనదే, 1886లో వేసింది. అందులోని పిల్లవాడు ఆయన మనవడు. సబ్బు బుడగ నిలవదు కదా, దాన్ని చూసి వేయడానికి గాజు గోళం చేయించుకున్నాడు!