మీ కాలనీ పార్కును మీకే రెండుసార్లు అమ్మారు!

నమస్తే అండీ. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం ఎల్ఆర్ఎస్. దాని ఫీజు ఎక్కువా, రాయితీ మళ్లీ ఇస్తారా... అందరిదీ ఇదే గోల. 2020లో తెలంగాణలో 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఆ వెయ్యి రూపాయల రసీదు ఇప్పటికీ బీరువాలో దాచుకున్నవాళ్లు ఎంతమందో! నేను మాత్రం ఒక్క లైను గురించే మాట్లాడతా. ఓపెన్ స్పేస్ చార్జీలు, అంటే వదలని పార్కు స్థలానికి బదులు కట్టించుకునేవి, ప్లాటు విలువలో 14 శాతం. అసలీ 14 ఎక్కడిది?

పెన్ను తీసుకోండి. పదెకరాల వెంచర్. ఎకరానికి 4,840 గజాలు, మొత్తం 48,400. రూలు ప్రకారం అందులో పదో వంతు, అంటే నిండుగా ఒక ఎకరం, పార్కుకు వదలాలి. వదల్లేదు. రోడ్లకు 30 శాతం పోతే అమ్ముకోవడానికి 33,880 గజాలు. ఇప్పుడు పార్కు ఎకరాన్ని దీంతో భాగించండి. 14.28 శాతం! చూశారా? నా లెక్కలో ఆ 14 శాతమే మీ పార్కు.

వెంచర్ వేసినాయన ఆ ఎకరాన్ని 24 ప్లాట్లు కోసి డబ్బు చేసుకుని వెళ్లిపోయాడు. గజం రెండు వేల చొప్పున 200 గజాలు కొన్న ఆటో డ్రైవరు మాత్రం ఇప్పుడు 56,000 కట్టాలి. కట్టాక పార్కు వస్తుందా? ఎక్కడొస్తుందండీ, చివరి గజం దాకా అమ్మేశాక! తప్పు చేసింది ఒకడు, జరిమానా ఇంకొకడికి. మనకున్న భూమి విధానం ఇదీ!

హద్దు రాళ్లు పాతకముందు ఆ నక్షా ఎవరు చూశారు? పంచాయతీ ముద్ర పడింది, అంతే. ఎగువ చెరువు అలుగు పారే దారి ఎటు, వాలు ఎటు అని నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు చదివే మనిషి అక్కడ లేడు. పాత కాలువ మీదే ప్లాట్ల వరస గీశారు. గట్టి వాన పడగానే నీళ్లు తమ దారినే వచ్చి హాల్లో నిలబడతాయి. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. టేపు పట్టుకుని కొలిస్తే తేలిపోయే విషయం!

కొలిచేవాళ్లేరీ? నీతి ఆయోగ్ 2021లోనే చెప్పింది. దేశానికి 12,000కు పైగా టౌన్ ప్లానర్ పోస్టులు కావాలి, మంజూరైనవి నాలుగు వేలు కూడా లేవు, వాటిలోనూ 42 శాతం ఖాళీ. చాలా రాష్ట్రాల్లో ఆ ఉద్యోగానికి ప్లానింగ్ డిగ్రీ తప్పనిసరి కూడా కాదట! విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ)లో, హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో పిల్లలు ఇదే చదువుతున్నారు. మండలానికి ఒక్క ప్లానర్‌ను పెట్టండి. విద్యార్థులతో ప్రతి సెమిస్టర్‌లో ఒక అక్రమ లేఅవుట్‌ను కొలిపించండి. పార్కు స్థలం ఏ ప్లాట్లలో కలిసిపోయిందో ఎర్ర ఇంకుతో గీయించండి.

కొనబోయేవాళ్లూ, వినండి. డ్రాఫ్ట్ నంబరు, అంటే తాత్కాలిక అనుమతి, చూపిస్తే ఆగండి, ఫైనల్ లేఅవుట్ అడగండి. వెంచర్ వేసినవాళ్లు పనులు పూర్తి చేస్తారన్న హామీగా అధికారుల దగ్గర తాకట్టులో పెట్టిన 15 శాతం ప్లాట్లలో మీది ఉందేమో చూడండి. పార్కు, రోడ్లు స్థానిక సంస్థ పేరిట గిఫ్ట్ డీడ్ అయ్యాయా? ఆ డీడ్ నంబరు చెప్పేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.