చిమ్మచీకట్లో ఎలుక ఎక్కడుందో గుడ్లగూబకి ఎలా తెలుస్తుంది?

నమస్కారం. పక్క గదిలో గిన్నె పడితే అది ఎటువైపు పడిందో కళ్లు మూసుకుని కూడా చెప్పేస్తాం. ఇందులో వింతేముంది అనకండి, ఉంది.

కంట్లో రెటీనా మీద వెలుతురు ఏ చోట పడిందో చూస్తే దిక్కు తెలిసిపోతుంది. చర్మమూ అంతే, దోమ కుట్టిన చోటి నరమే కబురు పంపుతుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. లోపలుండే కాక్లియా శబ్దాన్ని హెచ్చు స్వరం, తగ్గు స్వరం అని విడదీస్తుంది కానీ ఎటునుంచి వచ్చిందో చెప్పదు. ఆ లెక్క మెదడే కట్టుకోవాలి.

ఆధారం రెండు చెవుల మధ్య తేడా. కుడివైపు శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది. ఎంత ముందు? మన తలకి మహా అయితే 700 మైక్రోసెకన్లు (సెకనులో పది లక్షల వంతు ఒక మైక్రోసెకన్). బార్న్ అవుల్ అనే తెల్లమొహం గుడ్లగూబకి దాదాపు 200. కానీ న్యూరాన్, అంటే నరాల కణం, పంపే ఒక్క విద్యుత్ సంకేతమే సుమారు 1000 మైక్రోసెకన్లు ఉంటుంది! అంటే కొలవాల్సిన దానికన్నా కొలబద్ద మీది గీతే లావుగా ఉందన్నమాట.

1948లో లాయిడ్ జెఫ్రెస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ఊహ చెప్పాడు. న్యూరాన్లు వరసగా ఉన్నాయనుకోండి. ఎడమ చెవి తీగ ఎడమ కొస నుంచి, కుడి చెవి తీగ కుడి కొస నుంచి వచ్చి, దారిలో ప్రతి న్యూరాన్‌కీ ఒక్కో కొమ్మ ఇస్తాయి. రెండు సంకేతాలూ ఒకేసారి అందిన న్యూరాన్ గట్టిగా స్పందిస్తుంది. శబ్దం కుడివైపుదైతే కుడి సంకేతం ముందే బయల్దేరింది కాబట్టి, రెండూ కలిసేది ఎడమ కొసకి దగ్గర్లో. గడియారం అక్కర్లేదు, తీగ పొడవు చాలు. కాగితం మీద పుట్టిన ఇంత చక్కటి ఊహలు జీవశాస్త్రంలో ఎక్కువగా నిలబడవు. ఇది నిలబడింది. కేథరీన్ కార్, మసకజు కొనిషి అనే శాస్త్రవేత్తలు గుడ్లగూబ మెదడు కాండంలో సరిగ్గా ఇలాంటి అమరికనే చూపించారు.

ఒక్క మాట. మన తలలోనూ అచ్చం ఇదే ఉందని చాలా వీడియోలు చెప్పేస్తాయి. క్షీరదాల్లో కథ వేరు. జెర్బిల్ అనే ఎలుకల జాతి జీవుల్లో చేసిన ప్రయోగాల్లో ఇలాంటి తీగల వరస కనబడలేదు, ఆ వాదన ఇంకా తెగలేదు.

సరే, కుడి ఎడమలు తేలాయి. పైనా కిందా? ఈ గుడ్లగూబ చెవులు సమానంగా ఉండవు. ఎడమది కాస్త ఎత్తులో ఉండి కిందికి చూస్తుంది, కుడిది కాస్త దిగువన ఉండి పైకి చూస్తుంది. కిందినుంచి వచ్చే శబ్దం ఎడమ చెవిలో, పైనుంచి వచ్చేది కుడి చెవిలో గట్టిగా వినిపిస్తుంది. కాలం తేడా ఒక దారిలో, గట్టిదనం తేడా మరో దారిలో వెళ్లి మధ్య మెదడులో కలుస్తాయి. 1978లో ఎరిక్ నుడ్సెన్, కొనిషి అక్కడ ఏముందో బయటపెట్టారు. పక్షి చుట్టూ స్పీకర్‌ని తిప్పితే, ఒక్కో న్యూరాన్ ఒక్కో చోటి శబ్దానికే పలికింది. పక్కపక్క న్యూరాన్లు పక్కపక్క చోట్లకి. చెవిలో ఎక్కడా లేని మ్యాప్‌ని మెదడు తయారుచేసుకుంది.

మరి అది సరైందో కాదో చెప్పేదెవరు? కళ్లు. నుడ్సెన్ తర్వాత పిల్ల గుడ్లగూబలకి, చూపు 23 డిగ్రీలు పక్కకి జరిగే ప్రిజం కళ్లజోళ్లు పెట్టాడు. కొన్ని వారాల్లో శబ్దాల మ్యాప్ కూడా అటే జరిగింది. చూపే తప్పు, చెవి ఒప్పు. అయినా మెదడు చూపునే నమ్మింది! పెద్ద పక్షుల్లో మాత్రం మ్యాప్ అంతగా కదల్లేదు. అయితే 2002లో ఇంకో సంగతి తేలింది: ఒకేసారి 23 డిగ్రీలు కాకుండా చిన్న చిన్న మెట్లుగా పెంచుతూ పోతే, పెద్ద గుడ్లగూబలు కూడా ముందుకన్నా చాలా ఎక్కువే సర్దుకున్నాయి.